కుట్టుకున్న సంచులతో బీదర్ దాకా

భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానాన్ని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల మానవునికి బోధిస్తుంది. అయినా మన సంచారాలు ఎలా ఉంటున్నాయి? బస్సెక్కి కిటికీ ప్రక్కన కునుకు తీస్తాం. దిగవలసిన చోట దిగుతాం. మధ్యనున్న భూమి మనకు కనపడనే కనపడదు. సంగారెడ్డిలో నివసించే మాకు బీదర్ ఎనభై కిలోమీటర్ల దూరంలోని ఊరు. మా శ్రీమతి పుట్టిల్లు అక్కడే. ఇరవై ఏళ్ళుగా ఎన్నిసార్లు వెళ్ళి వచ్చామో లెక్కలేదు. కాని ఆ దారిలో ఏముందని ఎవరైనా అడిగితే చెప్పడానికి మా వద్ద ఏమీ లేదు.

ఈసారి సంక్రాంతి సెలవుల్లో తండ్రీకొడుకులం ఆ దారిని సైకిళ్ళపై చూడాలని సంకల్పించాం. దానికొక నిమిత్తం కూడా కలిగింది. మా శ్రీమతి తన తల్లి కోసం పాత నూలు చీరలతో రెండు నెలలు కూర్చుని ఒక బొంత కుట్టింది. బీదర్‌లో చలి ఎక్కువ. వృద్ధురాలైన ఆ తల్లికి బరువైన రజాయి మోయలేని భారం. తేలికైన బొంత అయితే హాయిగా ఉంటుందని ఆమె ఉద్దేశం. ఆ బొంతను భద్రంగా చేర్చే బాధ్యత మా ఇద్దరిపై పడింది. పరుల వస్తువును చేరవేయడం అమానతు. అది ఇంటివారిదైనా అమానతే.

ఇక్కడే మొదటి సమస్య ఎదురయింది. సామాను దేనిలో పెట్టాలి? పధ్నాలుగేళ్ళ మా అబ్బాయి ఫోనులో కొన్ని సంచుల బొమ్మలు చూపించాడు. సైకిలు క్యారియర్‌కు ఇరువైపులా వ్రేలాడేవి, వాన నీరు చొరనివి, చూడముచ్చటైనవి. జత ధర నాలుగు వేల రూపాయలు. మా ఇంటి నెలసరి కిరాణా ఖర్చులో అది చిన్న భాగం కాదు. "మనమే కుట్టుకుందాం" అన్నాం. అబ్బాయి ముఖం చిన్నబోయింది. "దారిలో అందరూ చూసి నవ్వుతారు అబ్బాజాన్" అన్నాడు.

అప్పుడు వానికి మేము దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంటి జీవితాన్ని గురించి చెప్పాం. ఆయన ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, తన బట్టలు తానే కుట్టుకునేవారని, తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. రాజ్యం చేతిలో ఉన్నవారు చెప్పుకు కుట్టు వేసుకోవడానికి సిగ్గుపడలేదు. సైకిలు సంచికి కుట్టు వేసుకోవడానికి మనకెందుకు సిగ్గు? అబ్బాయి బదులు పలకలేదు. ఒప్పుకున్నాడని మేము అనుకున్నాం. తరువాత తెలిసిందేమిటంటే, వాడు మాట విన్నాడే గాని మనసు ఇంకా ఒప్పుకోలేదు.

సైకిలుపై బరువు మోయడం మన దేశంలో కొత్త విద్య కాదు. పాలవారు రెండు పెద్ద క్యాన్లను క్యారియర్‌కు ఇరువైపులా ఇనుప కొక్కేలతో తగిలించి, తెల్లవారుజామున ఇంటింటికీ తిరుగుతారు. బట్టల మూటలు కట్టుకుని ఊరూరా అమ్మేవారు, ఉత్తరాల సంచీతో తిరిగే పోస్టుమ్యాన్, వీరంతా ఈ విద్యలో ఆరితేరినవారే. మా వీధికి వచ్చే పాలాయన సైకిలును ఒక ఉదయం మేమిద్దరం నిలబడి పరిశీలించాం. అందులో మూడు సంగతులు గమనించాం. బరువు చక్రం ఇరుసుకు దగ్గరగా, క్రిందికి ఉంది. రెండు వైపులా సమానంగా ఉంది. క్యాను అడుగుభాగం ఊగకుండా ఒక రబ్బరు పట్టీ దానిని లాగి పట్టుకుని ఉంది. "పైన తగిలిస్తే సరిపోదు. కింద కట్టకుంటే గుంతలో చక్రంల పడ్తది" అని పాలాయన హెచ్చరించాడు.

ఇక పని మొదలుపెట్టాం. మా వీధి చివరి దుకాణంలో పాత ఫ్లెక్సీ ఒకటి చుట్టి మూలన పడి ఉంటే యజమానిని అడిగి తెచ్చుకున్నాం. అచ్చువేసిన బొమ్మలున్న వైపు లోపలికి, తెల్లటి వైపు బయటికి వచ్చేలా మడిచాం. ఫ్లెక్సీలో పాలిస్టర్ దారపు వలవంటి అల్లికపై ప్లాస్టిక్ పూత ఉంటుంది గనుక నీరు దిగదు. కాని ఎండలో ఏళ్ళ తరబడి ఉన్నది మడత దగ్గర పగులుతుంది. అందుకే పగుళ్ళున్న భాగాన్ని కత్తిరించి పారేశాం.

మా శ్రీమతి మిషనుకు మందపాటి బట్టలు కుట్టే సూది ఎక్కించింది. అంచులను రెండు మడతలు వేసి, కుట్టును పొడవుగా పెట్టి కుట్టింది. పూత ఉన్న బట్టకు సూది పడిన ప్రతి చోటా రంధ్రం అలాగే మిగిలిపోతుంది, నూలుబట్టలా తిరిగి కలుసుకోదు. కనుక రంధ్రాలు ఎంత తక్కువైతే అంత మంచిది. కుట్లపై కొవ్వొత్తి మైనం రుద్ది, వేడి చేసిన చెంచాతో అదిమితే నీరు చాలావరకు ఆగుతుంది. సంచి మూతికి జిప్పు పెట్టలేదు. బియ్యం బస్తా మూతిలా మూడు చుట్లు చుట్టి, పాత బడిసంచి నుండి విప్పిన బకిలుతో బిగించే ఏర్పాటు చేశాం. జిప్పు చెడితే దారిలో బాగుచేయలేం, చుట్టిన మూతికి చెడడానికి ఏమీ ఉండదు.

సంచి చక్రం వైపు వంగిపోకుండా లోపల పరీక్ష రాసే అట్ట ఒకటి నిలబెట్టాం. వెల్డింగ్ దుకాణంలో సన్నని ఇనుప కడ్డీతో నాలుగు కొక్కేలు వంపించుకున్నాం. క్యారియర్‌పై అవి చప్పుడు చేయకుండా, రంగు గీసుకుపోకుండా పాత ట్యూబు ముక్కలు తొడిగాం. అదే ట్యూబును నిలువునా చీల్చి అడుగు పట్టీలు చేశాం. ఒక కొన సంచి అడుగుకు, మరొక కొన ఇరుసు నట్టు దగ్గరకు. పంక్చరు పనికిరాని ట్యూబుతో ఎన్ని ఉపయోగాలో ఆ వారంలో మాకు తెలిసివచ్చింది.

కొక్కేలు బిగించే వేళ అబ్బాయి ఒక మాటన్నాడు. "అట్ట కొక్కేల దాకా రావడం లేదు. రెండు అంగుళాలు తక్కువైంది. బోల్టు ఒట్టి ఫ్లెక్సీనే పట్టుకుంటుంది. కనీసం పెద్ద వాషర్లయినా వేద్దాం." జొహర్ నమాజుకు వేళవుతున్నది. హార్డ్‌వేర్ దుకాణం దూరం. చేతిలో ఉన్నవి చిన్న వాషర్లే. పైగా ఆ భాగాన్ని మేమే స్వయంగా మూడు వరసలు దగ్గర దగ్గరగా కుట్టాం, బలంగా ఉంటుందని మా నమ్మకం. "నీకు తెలియదు, ఇది చాలు" అని మాట తుంచేశాం. వాడు మౌనంగా స్పానరు అందించాడు.

ప్రయాణానికి ముందురోజు ఇంటి చుట్టూ తిరిగి చూస్తే మడమ సంచికి తగులుతున్నది. కొక్కేలను మూడంగుళాలు వెనక్కి జరిపాం. వంటింటి స్ప్రింగు త్రాసుతో తూచి, రెండు సంచుల్లోనూ నాలుగేసి కిలోలు ఉండేలా సర్దుకున్నాం. కుడి సంచిలో బొంత, జానమాజ్. ఎడమ సంచిలో పనిముట్లు, పంపు, మందులు, రెండు జతల బట్టలు. నా పాత నల్ల సైకిలుపైనే ఈ రెండూ. అబ్బాయి సైకిలుకు క్యారియర్ లేనందున చట్రం నడుమ ఖాళీలో అమరేలా ఒక చిన్న సంచిని బెల్టులతో కట్టాం.

ఫజ్ర్ నమాజు చేసుకుని, వాహనం ఎక్కే దుఆ చదువుకుని బయలుదేరాం. జనవరి పొగమంచు. జాతీయ రహదారిపై లారీల దీపాలు పసుపు ముద్దల్లా కనిపిస్తున్నాయి. అంచు తెల్లగీత దాటకుండా, వాడు వెనుక, మేము ముందు. సూర్యోదయమయ్యాక రెండు ప్రక్కలా కంది చేలు, జొన్న చేలు విప్పుకున్నాయి. సదాశివపేట చేరేసరికి ఒళ్ళు వెచ్చబడింది. అక్కడ తేనీరు త్రాగుతుంటే ఇద్దరు ముగ్గురు సంచుల చుట్టూ చేరారు. "ఎక్కడ కొన్నారు?" అని ఒకాయన అడిగాడు. అబ్బాయి నేల చూపులు చూశాడు.

సదాశివపేట దాటిన గంటకు ఒక వంతెన దగ్గర రోడ్డు అతుకులో చక్రం ఎగిరిపడింది. "అబ్బాజాన్, ఆగండి! సంచి!" అని వెనుక నుండి కేక. ఆగేలోగానే జరగవలసింది జరిగిపోయింది. కుడి సంచి ముందు కొక్కెం బోల్టుతో సహా ఫ్లెక్సీని చీల్చుకుని బయటికి వచ్చింది. సంచి చక్రంలోకి ఒరిగింది. స్పోకు ఒకటి వంగింది. చీలికలోంచి బయటపడ్డ బొంత మూల స్పోకులకు చుట్టుకుని, గ్రీజు పూసుకుని, బెత్తెడు మేర చిరిగిపోయింది.

సైకిలును గట్టుపైకి తోసి కూర్చున్నాం. రెండు నెలల పాటు దీపం వెలుగులో వంగి కుట్టిన చేతులు గుర్తుకు వచ్చాయి. ఫ్లెక్సీ చిరిగిన తీరు చూస్తే అసలు సంగతి తెలిసింది. మూడు వరసల కుట్టు రంధ్రాల వెంబడే, గీత గీసినట్టు చీలింది. చిన్న వాషరు రంధ్రంలోంచి దూరి వచ్చేసింది. అబ్బాయి చెప్పింది ప్రతి అక్షరం నిజమైంది.

వాడు "నేను చెప్పానుగా" అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది. కాసేపటికి మేమే అన్నాం: "బాబూ, నీ మాట వినకపోవడం మా పొరపాటు. వయసులో పెద్దవాళ్ళమని తొందరపడ్డాం. క్షమించు." బిడ్డను క్షమాపణ అడగడం మన ఇళ్ళలో అలవాటు లేని పని. మాట గొంతు దాటడం కష్టమే అయింది. వాడు తల ఊపి, లేచి, గట్టు క్రింద చెత్తలో దేనికోసమో వెదకసాగాడు. పాత హవాయి చెప్పు ఒకటి పట్టుకుని వచ్చాడు.

ఆ తరువాతి అరగంట వాడే మేస్త్రీ, మేము కూలీ. చెప్పు అడుగును చాకుతో రూపాయి బిళ్ళ కంటే పెద్దవిగా గుండ్రంగా కోసి మందపాటి వాషర్లు చేశాడు. కొక్కేలను రెండంగుళాలు క్రిందికి దించితే బోల్టు అట్టలోంచి పోతుందన్నాడు. స్క్రూడ్రైవరు మొనతో అట్టకు రంధ్రాలు తొలిచాం. అట్టకు ముందొకటి, వెనుకొకటి రబ్బరు బిళ్ళ పెట్టి బిగించాం. ఇప్పుడు బరువును పట్టుకున్నది బోల్టు చుట్టూ ఉన్న ఒక్క చుక్క గుడ్డ కాదు, అట్ట మొత్తం. మెత్తని రబ్బరు కుదుపును కూడా కొంత మింగుతుంది. సంచి రెండంగుళాలు పైకి లేచింది, అంతే. మిగిలిన చీలికను ట్యూబు పట్టీతో చుట్టి కట్టాం.

దైవప్రవక్త (స) వద్దకు ఒకతను వచ్చి ఒంటెను కట్టి దేవునిపై భారం వేయాలా, విడిచిపెట్టి భారం వేయాలా అని అడిగాడు. ముందు కట్టు, ఆపై భరోసా ఉంచు అని ఆయన బదులిచ్చిన సంగతి మనందరం చిన్ననాటి నుండి విన్నదే. ఆ గట్టుపై ఆ హదీసు మాకు మరోసారి అర్థమైంది. కట్టినట్లు కనిపించడం వేరు, కట్టడం వేరు. ఉదయం చదివిన దుఆలో లోపం లేదు. లోపం ముడిలో ఉంది.

జహీరాబాద్‌కు అసర్ వేళకు చేరాం. మస్జిదు నుండి బయటికి వచ్చాక బజారులో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాం. సంచిని తిప్పి చూసి నవ్వాడు. "గీ రబ్బరు బిళ్ళలు ఎవరేసిండ్రు సాబ్? మంచిగేసిండ్రు" అన్నాడు. కుట్లను చూసి మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఇంత దగ్గర దగ్గర కుడితే బట్ట నిలవదు. పోస్టు టికెట్ చింపినట్టు చినుగుతది." నైలాను దారానికి మైనం పట్టించి, ఆరెతో పొడుస్తూ, చీలికకు లోపలా బయటా తోలు ముక్కలు వేసి, ఎడం ఎడంగా కుట్టాడు. చీలిక కొసలో ఒక చిన్న గుండ్రటి రంధ్రం కూడా కోశాడు. అలా చేస్తే చిరుగు అక్కడితో ఆగుతుందట. బేరం చేయకుండా అడిగిన సొమ్ము వెంటనే ఇచ్చాం. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమని బోధించిన ధర్మం మనది. ఎడమ సంచికి కూడా అలాగే చేయించమని అబ్బాయి అడిగాడు. ఈసారి వినడంలో ఆలస్యం చేయలేదు.

ఆ రాత్రి జహీరాబాద్‌లో బంధువుల ఇంట విశ్రమించి, మరునాడు బీదర్ దారి పట్టాం. సుమారు ముప్ఫై కిలోమీటర్లు. చెరకు బండ్లు ఎదురయ్యాయి. రాష్ట్రం సరిహద్దు దాటగానే బోర్డుల లిపి మారింది. మట్టి మాత్రం మారలేదు, అదే ఎర్రమట్టి. ఒకప్పుడు ఇదంతా ఒకే సంస్థానం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్ కన్నడ రాష్ట్రంలో చేరింది. మా ఇళ్ళ వియ్యాలు మాత్రం ఆ గీతను ఏనాడూ లెక్కచేయలేదు.

బీదర్‌లో ముందుగా చౌబారా నుండి కోటకు వెళ్ళే దారిలోని మహమూద్ గవాన్ మదర్సా వద్ద ఆగాం. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుండి వర్తకునిగా వచ్చి, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన గవాన్ 1472లో దీనిని కట్టించాడు. మూడంతస్తుల భవనం, నాలుగు వైపులా గదులు, నడుమ విశాలమైన ప్రాంగణం. ముఖభాగంపై నీలి, పసుపు, తెలుపు రంగుల మెరుగు పలకలు ఇప్పటికీ అక్కడక్కడా మెరుస్తున్నాయి. 1696లో జరిగిన పేలుడులో ముందుభాగం సగం కూలిపోయింది. రెండు మీనార్లలో ఒకటే నిలిచింది.

గవాన్ కథ విన్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. అసూయపరులు అతని ముద్ర వేయించిన ఖాళీ కాగితంపై రాజద్రోహపు లేఖ రాసి సుల్తానుకు చూపారు. విచారణ లేకుండానే, వృద్ధాప్యంలో, 1481లో అతనికి మరణశిక్ష పడింది. తీరా అతని స్వంత ఖజానాలో చూస్తే సొమ్ము స్వల్పమేనని, సంపాదనను పేదలకే వెచ్చించి తాను చాప మీద పడుకుని, మట్టిపాత్రలో తినేవాడని దక్కన్ చరిత్రకారులు రాశారు. సుల్తాను ఎదుటివాని మాట వినడానికి ఒక్క క్షణం ఆగి ఉంటే! తొందరపాటు రాజ్యాలను కూల్చుతుంది. మా తొందరపాటు కూల్చింది ఒక సంచినే గనుక అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నాం.

ఆ సమీపంలోని వీధుల్లో బిద్రీ పనివారిని కూడా చూశాం. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. చిన్న ఉలితో తీగలు, పూలు చెక్కి, ఆ గాడుల్లో వెండి తీగను సుత్తితో అదిమి నింపుతారు. చివరగా కోటలోపలి పాత మట్టిని నవాసాగరంతో కలిపి వేడి పాత్రపై రుద్దుతారు. లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. వానకు, ఎండకు ఎక్స్పోజు కాని ఆ పాత మట్టి లేకుంటే ఆ నలుపు రాదంటారు. కాళ్ళ క్రింది మట్టే ఇంత ఘనతకు మూలమని చూసిన అబ్బాయి, తన సంచిలోని హవాయి చెప్పు బిళ్ళను ఒకసారి తడిమి నవ్వాడు. ఈ ప్రయాణంలో వాడు మనసారా నవ్వడం అదే మొదలు.

సాయంత్రం వాని నానీ ఇంటికి చేరాం. సలాములు, కన్నీళ్ళు, తేనీరు అయ్యాక బొంతను బయటికి తీసి, చిరిగిన మూలను మడిచి దాచబోయాం. ఆమె చేయి పట్టుకుని విప్పించింది. జరిగినదంతా అబ్బాయే చెప్పాడు. అట్ట సంగతీ, వాషర్ల సంగతీ, చివరకు తండ్రి క్షమాపణ సంగతీ కూడా. నానీ ఏమీ అనక, పెట్టెలోంచి సూది తీసింది. బొంత లేత నీలం. ఆమె ఎంచుకున్నది ఎర్ర దారం. "నీలం దారం ఉందిగా నానీ, కుట్టు కనపడకుండా ఉంటుంది" అన్నాడు వాడు. "ఎందుకు దాచాలి బేటా? చలి రాత్రి దీన్ని కప్పుకున్నప్పుడు ఈ ఎర్ర కుట్టు చేతికి తగులుతుంది. నా మనవడు సైకిలు మీద వచ్చాడని గుర్తొస్తుంది" అంది ఆ తల్లి. సూదిలో దారం ఎక్కించమని వానికే ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో సంచులు కదలలేదు. ఇటువంటి ప్రయాణం తలపెట్టే సోదరులకు, పిల్లలకు మా అనుభవంలోంచి నాలుగు మాటలు. బోల్టు ఎప్పుడూ గుడ్డను మాత్రమే పట్టుకోకూడదు, లోపల గట్టి పలక ఉండాలి, వాషరు వెడల్పుగా ఉండాలి. అట్ట తడిస్తే ఉబ్బుతుంది గనుక పాత నూనె క్యాను నుండి కోసిన ప్లాస్టిక్ పలక మేలు. ఇప్పుడు మేమదే వాడుతున్నాం. కుట్లు ఎడంగా వేయాలి. అడుగు పట్టీ లేకుండా బయలుదేరకూడదు. ప్రతి నమాజు ఆగుదలలో నట్లను ఒకసారి వ్రేళ్ళతో తడిమి చూసుకోవాలి. ఇక చివరి మాట, ఇంట్లో చిన్నవాడు లోపమున్నదని చెబితే పని ఆపి వినాలి.

ప్లాస్టిక్ పలక మార్చిన రోజున కొత్త ఇనుప వాషర్లు కూడా తెచ్చాం. అబ్బాయి వాటిని డబ్బాలో దాచి, ఆ పాత చెప్పు బిళ్ళలనే తిరిగి బిగించాడు. మేము కారణం అడగలేదు. స్పానరు మాత్రం అందించాం.